చేతిలో సెట్, భుజాన మైక్: గస్తీ పోలీసుల వైర్‌లెస్ గురించి కొంచెం వివరంగా

నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్‌లో సాయంత్రం పూట ట్రాఫిక్ డ్యూటీ చేసే కానిస్టేబుల్‌ని ఓ పది నిమిషాలు గమనించండి. ఎడమ చేతిలో సెట్, కుడి చేతిలో లాఠీ. ట్రంకురోడ్డు మీద ఆటో అడ్డంగా దూరిందంటే దాన్ని ఆపడానికి ఒక చెయ్యి కావాలి, లాఠీ చంకలోకి పోతుంది. హెల్మెట్ లేని బండి నెంబరు రాసుకోవాలంటే రెండు చేతులూ కావాలి, అప్పుడు సెట్ కాస్తా పక్కన ఆగి ఉన్న ఏదో బండి సీటు మీదికి పోతుంది. సరిగ్గా ఆ టైంలోనే కంట్రోల్ రూమ్ పిలుస్తుంది. హారన్ల మోతలో సీటు మీదున్న సెట్ ఎవరికి వినపడుతుంది? కాసేపటికి ఫోన్ మోగుతుంది, "సెట్లో ఎన్నిసార్లు పిలిచినా రెస్పాన్స్ లేదేంటి" అని. మాట పడేది ఆ కానిస్టేబులే.

జనం వాకీటాకీ అంటారు, స్టేషన్లో సెట్ అంటారు, మ్యాన్‌ప్యాక్ అని కూడా అంటారు. బ్యాటరీతో కలిపి సుమారు 300 నుంచి 400 గ్రాములుండే వస్తువు. బరువు పెద్దదేం కాదు, కానీ డ్యూటీ మొత్తం ఒక చేతిని అదే మింగేస్తుంది. సెట్ కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఏ కంపెనీ, ఎన్ని ఛానెళ్లు అని అన్నీ చూస్తారు. దాన్ని ఒంటి మీద ఎక్కడ తగిలించుకోవాలి, మైక్ నోటికి ఎంత దూరంలో ఉండాలి, ఎలా మాట్లాడాలి అన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరి అలవాటు వాళ్లది. అసలు సెట్ పనిచేయడం, చేయకపోవడం సగం ఈ అలవాట్ల మీదే ఉంటుంది, ఇది అభిప్రాయం కాదు, రేడియో తరంగాలు నడిచే తీరే అంత.

మన దగ్గర పోలీసుల వాడకం చాలాకాలంగా వీహెచ్‌ఎఫ్ (వెరీ హై ఫ్రీక్వెన్సీ) మీదే ఎక్కువ. ఈ రకం చేతి సెట్లు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, పంపే శక్తి మామూలుగా 5 వాట్లు. 150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండు మీటర్లు, కాబట్టి యాంటెన్నా సరిగ్గా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు, అంటే అర మీటరు పొడవుండాలి. అర మీటరు కడ్డీని నడుముకి తగిలించుకుని ఎవరూ తిరగలేరు గనక తీగని స్ప్రింగులా చుట్టి, రబ్బరు తొడుగు వేసి, జానెడు కంటే చిన్నదిగా చేసి ఇస్తారు. ఆ కుదింపులోనే కొంత శక్తి పోతుంది. మిగిలినదాన్ని మనిషి ఒళ్లు మింగుతుంది. ఒంట్లో ఎక్కువ భాగం ఉప్పునీరే, రేడియో తరంగాలకి అది పెద్ద అడ్డం. సెట్ నడుముకి ఉండి, యాంటెన్నా పొట్టకో పక్కటెముకలకో ఆనుకుని ఉంటే పోయే నష్టం కొన్నిసార్లు పది డెసిబెల్స్ దాకా ఉంటుంది. పది డెసిబెల్స్ అంటే పదో వంతే బయటికి వెళ్తుందని లెక్క, అంటే 5 వాట్ల సెట్ కాస్తా అర వాటు సెట్ అయిపోతుంది. అదే సెట్‌ని నోటి దగ్గరికి ఎత్తి, నిటారుగా పట్టుకుని మాట్లాడితే ఆ పోయినదాంట్లో చాలావరకు తిరిగొస్తుంది, పైసా ఖర్చు లేకుండా.

నిటారుగా అనడానికి కూడా కారణం ఉంది. టవర్ మీద యాంటెన్నా నిలువుగా ఉంటుంది, చేతిలోది అడ్డంగా పడుకుంటే రెండిటికీ పొత్తు కుదరదు, సిగ్నల్ పడిపోతుంది. జీపులో వెనక సీట్లో కూర్చుని సెట్‌ని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని "వినపడట్లేదు, వినపడట్లేదు" అనేవాళ్లు దాన్ని నిలబెడితే చాలాసార్లు వినపడుతుంది. ఇంకో చిన్న కిటుకు కూడా సీనియర్ హెడ్ కానిస్టేబుళ్లకి బాగా తెలుసు: సిగ్నల్ బాగా లేనప్పుడు ఉన్నచోటే ఒళ్లు తిప్పి నిలబడడం. సెట్ ఒక పక్కా, టవర్ ఇంకో పక్కా ఉంటే మధ్యలో అడ్డం తన ఒళ్లే.

దూరం లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే సెట్ ఎన్ని కిలోమీటర్లు పోతుందని అందరూ అడిగేదే. ఈ తరంగాలు దాదాపు చూపు మేర పోతాయి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. భుజం ఎత్తులో ఉన్న రెండు సెట్ల మధ్య చెట్టూ చేమా ఇల్లూ వాకిలీ లేని బయలైతే లెక్క ప్రకారం పది కిలోమీటర్ల దాకా రావాలి. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట సందుల్లో, ఒంగోలు ట్రంకురోడ్డు బిల్డింగుల మధ్య అందులో మూడో వంతు వచ్చినా గొప్పే. అందుకే రిపీటర్ అనేది పెడతారు. ఎత్తయిన చోట కూర్చుని ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా మళ్లీ పలుకుతుంది. 30 మీటర్ల టవర్ మీద రిపీటర్ ఉంటే చుట్టూ 27, 28 కిలోమీటర్ల దాకా లెక్క కుదురుతుంది. జీపులో ఉండే సెట్ 25 వాట్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది, పైగా యాంటెన్నా కప్పు మీద ఉంటుంది, దానికీ చేతి సెట్‌కీ పోలికే లేదు. ఇక్కడే ఒక విషయం గుర్తుంచుకోవాలి: రిపీటర్ మాట చేతి సెట్‌కి బ్రహ్మాండంగా వినపడుతుంది, ఎందుకంటే అటు శక్తి ఎక్కువ. చేతి సెట్ మాట మాత్రం రిపీటర్‌కి చేరకపోవచ్చు. కంట్రోల్ మాట గణగణా వినపడుతోంది కదా, నా మాట కూడా వెళ్తోందిలే అనుకోవడం గస్తీలో ఉన్నవాళ్లు పడే అతి పెద్ద భ్రమ. సెట్ ఒంటికి ఎలా ఉందన్నది ఎక్కువగా తేల్చేది మాట వెళ్లే దారినే.

మరి ఎక్కడ తగిలించుకోవాలి? చేతిలో పట్టుకోవడం సిగ్నల్‌కి మంచిదే, మనిషికి మంచిది కాదు. పెనుగులాట జరిగితే మొదట కిందపడేది సెట్టే, పరుగెత్తాల్సి వస్తే ఊగే చేతిలో అదో అడ్డం, యాంటెన్నాని పిడిలా పట్టుకుని తిప్పే అలవాటు వల్ల దాని మొదట్లో తీగ తెగిపోయి, పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చిపోయిన సెట్లు ఎన్నో. బెల్టుకి క్లిప్పు పెట్టుకుంటే చేతులు ఖాళీ అవుతాయి, కానీ ఇందాక చెప్పుకున్న సిగ్నల్ నష్టం మొత్తం నెత్తిన పడుతుంది. పైగా బొలెరోలో ఎక్కి దిగేటప్పుడు సీటుకి తగులుకుని క్లిప్పు ఊడిపోతుంది. ఛాతీ మీద పట్టీలతో పెట్టుకునే సంచి ఉంది, అందులో సెట్ నిటారుగా, నోటికి దగ్గరగా, యాంటెన్నా భుజం ఎత్తులో ఉంటుంది. సిగ్నల్‌కీ మనిషికీ రెండిటికీ కుదిరేది అదే. కానీ మే నెలలో నెల్లూరు ఎండలో ఖాకీ చొక్కా మీద ఇంకో పట్టీల తొడుగు వేసుకోమంటే ఎవరికైనా ఇబ్బందే, ఆడవాళ్లకైతే ఒకే సైజులో వచ్చే ఆ సంచి సరిగ్గా కూర్చోదు కూడా. కొనేముందు వేసుకునేవాళ్లని అడిగితే చాలు, ఈ ఇబ్బందులన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి.

వీటన్నిటికీ మధ్యేమార్గంగా వచ్చింది భుజం మైక్. సెట్ బెల్టుకో ఛాతీకో ఉంటుంది, స్ప్రింగు వైరుతో ఒక చిన్న మైకు, స్పీకరు కలిసిన పెట్టె చొక్కా భుజం పట్టీకి క్లిప్పుతో ఉంటుంది. మెడ కొంచెం తిప్పితే నోరు మైక్ దగ్గరికి వస్తుంది, చెవి స్పీకర్ దగ్గరే ఉంటుంది. కుడిచేతి వాటం మనిషికి అది ఎడమ భుజాన, సెట్ ఎడమ నడుముకి ఉండాలి, లాఠీకో తుపాకీకో కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి కాబట్టి. వైరు చొక్కా ముందు వేలాడకూడదు, చంక కిందుగా వెనక నుంచి తీసుకురావాలి. మెడ చుట్టూ మాత్రం ఎప్పుడూ తిప్పకూడదు, తాగి గొడవ చేసేవాడు పట్టుకుని లాగితే అది ఉరితాడే. భుజం మైక్‌తో ఒక లోటుంది: మైక్ పైనున్నా యాంటెన్నా నడుము దగ్గరే ఉంటుంది, సిగ్నల్ కష్టం అలాగే ఉంటుంది. ఊళ్లో, రిపీటర్ దగ్గర్లో ఉన్నప్పుడు ఇది పెద్ద సమస్య కాదు. ఉదయగిరి కొండల వైపు, రాపూరు ఘాట్ వైపు వెళ్లినప్పుడు మాత్రం సెట్‌ని బెల్టు నుంచి తీసి పైకెత్తి మాట్లాడాల్సిందే, ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకి ముందే చెప్పి పంపాలి.

బ్లూకోల్ట్స్, అంటే మోటార్‌సైకిల్ గస్తీ బండి మీద తిరిగేవాళ్ల కష్టం ఇంకో రకం. ముందు కూర్చున్నవాడు నడపాలి, హెల్మెట్ లోపల గాలి హోరు, ఇంజన్ చప్పుడు, నడుముకున్న సెట్ మోగినా తెలియదు. పద్ధతిగా చేసే జంటల్లో సెట్ బాధ్యత పూర్తిగా వెనక కూర్చున్నవాడిదే. అతనే వింటాడు, అతనే జవాబిస్తాడు, ముందున్నవాడి భుజం తట్టి ఎటు తిప్పాలో చెప్తాడు. ఒక్కడే బండి మీద వెళ్లాల్సి వస్తే ఆపి మాట్లాడాలి, అంతే. జాతీయ రహదారి 16 మీద కావలి దాటాక అర్ధరాత్రి లారీల మధ్య ఒక చేత్తో బండి, ఇంకో చేత్తో సెట్ పట్టుకుని మాట్లాడుతూ వెళ్లేంత అర్జెంటు మెసేజ్ ఏదీ లేదు.

సెట్ ఎక్కడ పెట్టుకున్నామన్నదానికీ మొత్తం ఛానెల్ ఆగిపోవడానికీ సంబంధం ఉంటుందని బయటివాళ్లకి తెలియదు. సెట్ పక్కనుండే నొక్కే బటన్, పీటీటీ అంటారు, అది నొక్కినంతసేపూ ఆ సెట్ పలుకుతూనే ఉంటుంది, ఇంకెవరూ పలకలేరు. నడుముకున్న సెట్ జీపు సీటుకీ ఒంటికీ మధ్య నలిగి ఆ బటన్ నొక్కుకుపోతే? జీపులో వాళ్లు మాట్లాడుకునేదంతా, ఇంటి గొడవలు, పై అధికారి మీద విసుగు, రేడియోలో వచ్చే పాట, మొత్తం జిల్లా వింటుంది. వాళ్లకి మాత్రం తెలియదు, ఎందుకంటే పలుకుతున్నంతసేపూ ఆ సెట్‌లో ఇంకేదీ వినపడదు. ఎవరైనా చెప్దామన్నా చెప్పలేరు, ఫోన్ చేసి చెప్పాలి, అది ఎవరి సెట్టో గొంతు గుర్తుపట్టాలి. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో ఇంకోచోట ఒంటరిగా ఉన్న కానిస్టేబుల్ మీద దాడి జరుగుతుంటే అతని గొంతు ఎవరికీ చేరదు. దీనికి మందు సెట్‌లోనే ఉంది. ప్రోగ్రామ్ చేసేటప్పుడే ఇంత టైం దాటి ఆపకుండా పలికితే దానంతటదే ఆగిపోయేలా, అరవై సెకన్లనో ఇంకొంచెమనో పెట్టొచ్చు. ప్రతి సెట్‌లో అది పెట్టి ఉందో లేదో చూసుకోవాల్సింది సాంకేతిక సిబ్బంది, వాళ్లకి పనిభారం ఎంతున్నా ఇది వదిలేసే పని కాదు.

ఇక చెవిలో పెట్టుకునే ఇయర్‌పీస్. ఇది వీఐపీల వెనక నడిచే సఫారీ సూట్ల వాళ్లకే అనుకుంటారు, కానీ మామూలు గస్తీలోనే దీని అవసరం ఎక్కువ. సెట్ స్పీకర్ ఊరంతా వినేలా పెట్టి ఉంటే, ఎదురుగా నిలబెట్టి పేరడుగుతున్న మనిషి మీద పాత కేసుందని కంట్రోల్ చెప్పిన మాట ఆ మనిషే ముందు వింటాడు. పరుగందుకుంటాడు, లేదా తిరగబడతాడు. ఇంకో సందర్భం ఇంతకంటే బాధాకరం. హైవే మీద యాక్సిడెంట్ అయింది, గాయపడ్డవాళ్ల బంధువులు పోలీసు చుట్టూ మూగి ఏమైంది సార్ అని అడుగుతున్నారు, ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి పోయాడన్న సంగతి నడుముకున్న సెట్లోంచి గరగరలాడుతూ బయటికి వస్తుంది. ఒక తల్లి కొడుకు చావుని అలా వినకూడదు. ఒక చిన్న ఇయర్‌పీస్ ఉంటే ఆ కానిస్టేబుల్ విని, ఆమెని పక్కకి తీసుకెళ్లి, కూర్చోబెట్టి చెప్పగలడు. అందులో చెవిలో పెట్టుకునే ముక్క ఎవరిది వాళ్లకే ఉండాలి, షిఫ్టు మారగానే ఒకరి చెవిలోది ఇంకొకరు పెట్టుకుంటే చెవిపోటు ఖాయం. ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి రోడ్డుది.

మాట్లాడే తీరు దగ్గరికి వద్దాం. బటన్ నొక్కీ నొక్కగానే మాట మొదలుపెట్టడం అందరూ చేసే పొరపాటు. నొక్కిన తర్వాత సెట్ పలకడం మొదలుపెట్టడానికి, రిపీటర్ మేలుకోవడానికి, అవతలి సెట్ తలుపు తీయడానికి కలిపి అర సెకను నుంచి సెకను పడుతుంది. ఆ సెకనులో పోయేది మొదటి మాటే. "వద్దు, లోపలికి రావద్దు" అన్నదాంట్లో మొదటి "వద్దు" పోయినా ఫర్వాలేదు, రెండోది ఉంది. "ఆపండి" ఒక్కటే అంటే అది పోతే ఏమీ మిగలదు. నొక్కు, ఒక్క క్షణం ఆగు, మాట్లాడు, ఆఖరి మాట పూర్తయ్యాకే వదులు. మైక్ నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి, లేకపోతే ఊపిరి గాలి తగిలి బుస్సుమంటుంది. గట్టిగా అరిస్తే బాగా వినపడుతుందనుకుంటారు, నిజానికి అరిచిన గొంతు మైక్‌లో పగిలిపోయి అవతల ఒక్క ముక్క అర్థం కాదు. టెన్షన్‌లో అరవకుండా మాట్లాడడం చెప్పినంత తేలిక కాదని తెలుసు, అందుకే ప్రాక్టీసు కావాలి. ముందు ఎవరు పిలుస్తున్నారో, తర్వాత ఎక్కడున్నారో, తర్వాతే ఏం జరిగిందో. చోటు ముందు చెప్తే మధ్యలో మాట తెగిపోయినా సాయం బయల్దేరుతుంది.

మన జిల్లాల్లో చోటు చెప్పడమే పెద్ద పరీక్ష. కొత్తపాలెం అంటే ఏ కొత్తపాలెం? రామాపురం అంటే ఏ మండలంలో రామాపురం? ఒకే పేరున్న ఊళ్లు ఇన్ని ఉన్నప్పుడు మండలం పేరు కలపకుండా ఊరి పేరు చెప్పడమంటే సాయాన్ని తప్పుదారి పట్టించడమే. హైవే మీదైతే ఏ వైపు వెళ్లే రోడ్డో, చెన్నై వైపా ఒంగోలు వైపా అన్నది కూడా చెప్పాలి, మధ్యలో డివైడర్ ఉంటుంది, తప్పు వైపు వచ్చిన అంబులెన్స్ యూటర్న్ కోసం కిలోమీటర్లు పోవాలి.

బండి నెంబర్లది ఇంకో తలనొప్పి. ఒకప్పుడు ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం, సగం సమాచారం అక్కడే దొరికేది. 2019లో కొత్త బండ్లకి రాష్ట్రమంతా ఏపీ 39 అనే ఒకే కోడ్ వచ్చింది, వాటిల్లో బండిని పట్టించేది తర్వాత వచ్చే రెండు అక్షరాలూ నాలుగంకెలూ. సెట్లో బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒక్కలాగే వినపడతాయి, అందుకే బ్రేవో, డెల్టా, పాపా, టాంగో, విక్టర్ అని విడమరిచి చెప్పే పద్ధతి ప్రపంచమంతా ఉంది. అంకెల్ని కూడా విడివిడిగా చెప్పాలి. గరగరలో ఇరవైకీ అరవైకీ తేడా తెలియదు, ఏడు, మూడు కూడా తోక ఒక్కటే. ఇంగ్లీషులో చెప్పినా ఫైవ్, నైన్ కలిసిపోతాయి. విన్నవాళ్లు తిరిగి అదే నెంబరు చదివి వినిపించి అవునా అని అడిగితే పది సెకన్లు పోతాయి, కానీ ఏ పాపం తెలియని మనిషి బండిని అర్ధరాత్రి ఆపి కుటుంబాన్ని దింపే గొడవ తప్పుతుంది.

సెట్ కాన్ఫరెన్స్ సంగతి చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. జిల్లా ఎస్పీ సెట్లో అన్ని స్టేషన్లనీ ఒకేసారి లైన్లోకి తీసుకుని రోజు పనుల మీద మాట్లాడే పద్ధతి ఇది. జిల్లా మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది, కిందిస్థాయి వాళ్లకి పై ఆలోచన నేరుగా తెలుస్తుంది, మంచిదే. కానీ అది నడుస్తున్నంతసేపూ ఛానెల్ నిండిపోతుంది, మధ్యలో దూరి అర్జెంటు మాట చెప్పడానికి ఒక కానిస్టేబుల్‌కి గుండె చాలదు. మధ్యలో రావచ్చని, వస్తే ఎవరూ తిట్టరని పై అధికారే సెట్లో అందరూ వినేలా చెప్పి ఉంచితే ఆ భయం పోతుంది. లేదా గస్తీ కోసం ఇంకో ఛానెల్ వదిలిపెట్టాలి.

ఇప్పుడందరి దగ్గరా ఫోన్లున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, ఇంకా ఈ గరగర సెట్లెందుకని అడిగేవాళ్లు బారాషహీద్ దర్గాకి రొట్టెల పండగ రోజుల్లో ఒక్కసారి రావాలి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అంటూ నీళ్లలోకి దిగి మార్చుకునేవాళ్లు, వాళ్ల పిల్లలు, వాళ్ల సామాన్లు. అంతమంది జేబుల్లో అన్ని ఫోన్లు ఒకే టవర్ మీద పడితే కాల్ కలవడం దైవాధీనం. సెట్‌కి ఆ బాధ లేదు, దాని ఫ్రీక్వెన్సీ దానిది. ఇంకా ముఖ్యమైనది, ఫోన్ ఇద్దరి మధ్య మాట, సెట్ అందరి మధ్య మాట. ఎర్ర గౌను పాప తప్పిపోయిందని ఘాట్ దగ్గరున్న మహిళా కానిస్టేబుల్ ఒక్కసారి చెప్తే, గేటు దగ్గరున్నవాళ్లు, పార్కింగ్ దగ్గరున్నవాళ్లు, బస్సుల దగ్గరున్నవాళ్లు అందరూ అదే క్షణంలో వింటారు. అదే ఫోన్‌లోనైతే ఒక్కొక్కరికీ విడిగా చేసుకుంటూ పోవాలి. ఫొటో పంపడానికి, లొకేషన్ పంపడానికి వాట్సాప్‌కి సాటి లేదు, అదీ నిజమే. రెండూ కావాలి, ఒకటి రెండోదాని పని చేయదు.

పండగ డ్యూటీలో సెట్లు మధ్యాహ్నానికే చచ్చిపోవడానికి కారణం బ్యాటరీ పాతదవడం ఒక్కటే కాదు. కంపెనీలు ఇన్ని గంటలొస్తుందని చెప్పే లెక్క వెనక ఒక షరతుంది: వంద నిమిషాల్లో ఐదు నిమిషాలు పలికి, ఐదు నిమిషాలు విని, తొంభై నిమిషాలు ఊరికే ఉంటే. ఊరికే ఉన్నప్పుడు తాగే కరెంటు కంటే పలికేటప్పుడు తాగేది ఇరవై రెట్లకి తక్కువుండదు. చెరువు గట్టున వందకి ఇరవై నిమిషాలు పలికి, ముప్పై నిమిషాలు వింటే, పన్నెండు పదమూడు గంటలు రావాల్సిన బ్యాటరీ ఐదు గంటలు కూడా రాదు. కాబట్టి పండగకి మనిషికి రెండు బ్యాటరీలు కావాలి, లేదా గట్టు మీదే ఛార్జింగ్ టెంటు కావాలి. షిఫ్టు మారేటప్పుడు సగం దిగిన సెట్‌ని అలాగే చేతులు మార్చడం మానాలి. ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద సెట్ వదిలేయడం కూడా, లిథియం బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు.

అలాంటి చోట ఇంకో లోటు కూడా బయటపడుతుంది. పోలీసుల సెట్ పోలీసులకే వినపడుతుంది. చెరువులో దిగిన గజ ఈతగాళ్లకి, మెడికల్ క్యాంపు డాక్టర్లకి, ఫైర్ వాళ్లకి, మున్సిపల్ సిబ్బందికి అది వినపడదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో ట్విన్ టవర్ల మీద దాడి జరిగినప్పుడు పోలీసు హెలికాప్టర్లు పైనుంచి చూసి రెండో టవర్ కూడా కూలేలా ఉందని హెచ్చరించినా, ఆ మాట లోపలున్న ఫైర్ సిబ్బందికి నేరుగా చేరలేదు, ఎందుకంటే వాళ్ల రేడియోలు వేరు. అంత పెద్ద నగరానికే జరిగింది. మన దగ్గర దీనికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది, ప్రతి శాఖ టెంటులోనూ సెట్ పట్టుకున్న ఒక పోలీసుని కూర్చోబెట్టడం. చెవి అతనిది, కబురు వాళ్లది.

వరదల్లో, తుపానుల్లో సెట్ విలువ తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లు మూగబోయాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైల్వే ట్రాక్ కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లని ఇవతలివాళ్లు వెళ్లి కలవలేని పరిస్థితిలో మాట ఒక్కటే దాటగలిగేది. కరెంటు లేకపోయినా బ్యాటరీ ఉన్నంతసేపు, రిపీటర్ పోయినా దగ్గరి దూరానికి సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట్లాడుకునే ఛానెల్ ఉన్నంతసేపు ఇది పనిచేస్తుంది. ఆ నేరు ఛానెల్ ఏ నెంబరు మీదుందో ఎంతమందికి తెలుసన్నదే అసలు ప్రశ్న. వాన లేని రోజున, స్టేషన్ ఆవరణలో ఇద్దరు చెరో మూల నిలబడి ఒకసారి మార్చి చూసుకుంటే రెండు నిమిషాల పని.

వానలో సెట్‌కి పాలిథిన్ కవర్ చుట్టడం మనవాళ్ల అలవాటు. లోపల ఒంటి వేడికి చెమ్మ పట్టి అదే ఎక్కువ చెడగొడుతుంది, పైగా మాట గొంతులో ముద్ద పెట్టుకున్నట్టు వస్తుంది. మంచి సెట్లకి ఐపీ 67 లాంటి రేటింగ్ ఉంటుంది, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటాయని అర్థం. అది సెట్‌కి, భుజం మైక్‌కి వేరేగా చూసుకోవాలి. మైక్ రంధ్రంలో నీటిబొట్టు నిలిస్తే గొంతు వినపడదు, కిందికి వంచి దులిపితే సరిపోతుంది. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు పనిచేసేవాళ్ల సెట్లకి ఉప్పుగాలి దెబ్బ వేరే. బ్యాటరీ తీసి చూస్తే ఇత్తడి రంగు పలకల మీద ఆకుపచ్చటి పూత కనిపిస్తుంది, సెట్ ఉండుండి ఆగిపోవడానికి సగం కారణం అదే. పొడిగుడ్డతో తుడిచి, స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్దితే మెరుస్తాయి. వారానికోసారి చేయాల్సిన పని ఇది, కొత్త బ్యాటరీ కోసం ఇండెంటు రాసేముందు చేయాల్సిన పని.

దోర్నాల దాటి నల్లమలలో శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఎంత మంచి సెట్ అయినా మలుపు మలుపుకీ పోతూ వస్తూ ఉంటుంది, కొండ అడ్డమొస్తే తరంగం చేసేదేమీ లేదు. అక్కడ గస్తీ తిరిగేవాళ్లు ఏ మలుపు దగ్గర సిగ్నల్ వస్తుందో గుర్తుపెట్టుకుంటారు, ఆ జ్ఞానం ఒక మనిషి బదిలీతో పోతుంది. గస్తీ వాళ్లు సంతకం పెట్టే పాయింట్ బుక్కులోనే ఒక పేజీ దానికి కేటాయిస్తే కొత్తగా వచ్చినవాడు మొదటి రాత్రే తెలుసుకుంటాడు. కూంబింగ్‌కి వెళ్లేవాళ్లకి ఇయర్‌పీస్ తప్పనిసరి, రాత్రి అడవిలో స్పీకర్ మోత చాలా దూరం పోతుంది.

సెట్ ఇప్పుడు పోలీసుల దగ్గరే లేదు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల లాంటి చోట్ల, కల్యాణ మండపాల్లో, ఈవెంట్ల వాళ్ల దగ్గర కనిపిస్తూనే ఉంటాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి తెప్పించుకున్న సెట్‌ని ఏ ఫ్రీక్వెన్సీలో పడితే ఆ ఫ్రీక్వెన్సీలో వాడడం నేరం. లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ దాకా, అదీ తక్కువ శక్తితో, 2018 నిబంధనలు వదిలిపెట్టాయి. మిగతా సెట్లకి అనుమతి కావాలి. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు వివరాలు చెప్పకుండా ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్మడం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పెళ్లిలో క్యాటరింగ్ వాళ్ల మాట పోలీసు ఛానెల్‌లోకి వస్తే అది సరదా కాదు.

పాత అనలాగ్ సెట్‌లో మాట ఎవరైనా అదే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని వినగలరు, డిజిటల్‌లో రహస్య సంకేతాలుగా మార్చి పంపొచ్చు, ఒకే ఛానెల్‌లో ఇద్దరు వేరువేరుగా మాట్లాడుకునే వీలూ ఉంటుంది. అలవాటు చేసుకోవాల్సిన తేడా కూడా ఒకటుంది. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గుతుంటే గరగర పెరుగుతూ ముందే హెచ్చరిస్తుంది, డిజిటల్‌లో చివరిదాకా శుభ్రంగా వినపడి ఒక్కసారిగా మాయమవుతుంది. ఈ డిజిటల్ సెట్ల నెత్తిన ఎక్కువగా ఒక నారింజ రంగు బటన్ ఉంటుంది, ఆపదలో నొక్కితే ఎవరు నొక్కారో, జీపీఎస్ ఉంటే ఎక్కడున్నారో కంట్రోల్‌కి తెలుస్తుంది. నడుముకున్న సెట్‌లో జీపీఎస్‌కి ఆకాశం సరిగ్గా కనపడదు, తప్పు వీధి చూపించే అవకాశం ఉంది. సీటు బెల్టు తగిలి ఆ బటన్ తనంతట నొక్కుకుపోయే అవకాశం కూడా ఉంది, రెండుసార్లు అలా జరిగితే మూడోసారి నిజంగా నొక్కినా కంట్రోల్‌లో ఎవరూ లేవరు. అందుకని బటన్ ఎన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పలకాలి, పలికిన వెంటనే కంట్రోల్ ఏ మాట అడగాలి, జవాబు రాకపోతే ఏ స్టేషన్ నుంచి ఏ బండి కదలాలి అన్నవి సెట్లు పంచిన రోజే రాసి గోడకి అంటించాలి, నెలకోసారి నిజంగా నొక్కి చూడాలి, రాత్రి రెండు గంటలప్పుడు కూడా.